గోడలో సగం

మా వరసలో తొమ్మిది ఇళ్ళు. మూడోది నాది. నాలుగోది, రాతి గోడ మీద రాతి బొమ్మ ఉన్న టైల్స్ అంటించుకున్న ఇల్లు. ఈ రెండింటికీ మధ్య ఉన్న గోడ గురించి నేను మూడేళ్ళుగా రాస్తూనే ఉన్నాను. పంచాయతీకి రాశాను, చర్చి సంఘ కమిటీకి రాశాను, పైఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపించాను. ఎవరూ మొదటి పేజీ దాటి చదవలేదు. ఇప్పుడు చదివే అలవాటు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

మార్కాపురానికీ పెద్దారవీడుకూ మధ్య ఒక ఊరు మాది. ఊరి పేరు రాయను. రాస్తే పరువు తీశానని నా మీద ఇంకో మీటింగు పెడతారు. ఇది కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో, స్వాతంత్ర్యానికి చాలా ముందు, మిషనరీ తెల్లదొరలు ఈ వరసను కట్టించారు. బడి పంతుళ్ళకు, కాంపౌండరుకు, దొరసానికి వంట చేసే మనిషికి, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ళకు ఇళ్ళు కావాలి కదా. దొరలు వెళ్ళిపోయాక ఎవరు ఉంటున్న ఇల్లు వాళ్ళకు రాసి ఇచ్చారు. మా అమ్మ వాళ్ళ ఆసుపత్రిలో నర్సు. అట్లా మూడో ఇల్లు మాకు వచ్చింది. నేను లెక్కల టీచరుగా చేసి రిటైరై, ఒక్కదాన్నే ఇందులో ఉంటున్నాను.

ఈ ఇళ్ళను దూరం నుంచి చూస్తే తొమ్మిది ఇళ్ళలా ఉండవు. తొమ్మిది తలుపులున్న ఒకే ఇంటిలా ఉంటాయి. పునాది ఒకటే, ముందు వసారా ఒకటే, పైన మిద్దె ఒకటే. తొమ్మిది ఇళ్ళకు విడివిడిగా అయితే పద్దెనిమిది అడ్డగోడలు లేవాలి. కట్టినవాళ్ళు పదితో సరిపెట్టారు. అది పిసినారితనం కాదు, తెలివి. ఒక ఇల్లు పక్క ఇంటిని ఆసరా చేసుకుని నిలబడుతుంది. మనుషులు అట్లా ఉండరని వాళ్ళకు తెలియదు, పాపం.

అడ్డగోడ మందం రెండడుగులు. చూడటానికి ఒక గోడ. నిజానికి అది రెండు వరసల రాళ్ళు. మా వైపు కనిపించే వరస ఒకటి, పక్కవాళ్ళ వైపు కనిపించేది ఇంకొకటి, మధ్యలో చిన్న రాళ్ళూ బంకమట్టీ. ఈ రెండు వరసలూ దేనికది నిలబడలేదు. అందుకని మధ్య మధ్యలో, ఈ మొహం నుంచి ఆ మొహం దాకా గోడంతా దూరిపోయే పొడుగు రాయిని అడ్డంగా పెట్టారు. మా గోడలో అట్లాంటివి ఏడు. ఒక్కో రాయి కొస జానెడు మా వైపు, జానెడు వాళ్ళ వైపు పొడుచుకుని ఉంటుంది. మా వైపు కొసల మీద అమ్మ మందుల పెట్టె, కళ్ళజోడు పెట్టుకునేది. అవే రాళ్ళ అవతలి కొసలకు వాళ్ళు లాంతర్లు తగిలించేవాళ్ళు.

మిద్దె బరువు కూడా ఈ గోడ మీదే. దూలాలు, వాటి మీద దంతెలనే సన్న వాసాలు, దంతెల మీద నాపరాళ్ళు, రాళ్ళ మీద మోకాలి మందాన చౌడు మట్టి. మా దూలం కొస, వాళ్ళ దూలం కొస ఒకే గుంటలోకి ఎదురెదురుగా వచ్చి ఆనుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం బయట కాకులు నోళ్ళు తెరుచుకుని ఉన్నా లోపల పంకా అవసరం ఉండేది కాదు.

ఇట్లాంటి ఇళ్ళు చేతికి వస్తే మా వాళ్ళు ఏం చేశారు? మొదట సిమెంటు పూత పూశారు. ఊపిరాడక గోడలకు లోపల చెమ్మ పట్టింది. చెమ్మ కనబడకుండా ఊదా రంగు వేశారు. రంగు పెచ్చులు పెచ్చులుగా రాలితే పైన టైల్స్ అంటించారు. ఎనిమిదో ఇంటివాళ్ళు వసారా రాతి స్తంభాలకు అద్దాల పెంకులు అతికించారు, మంగలి షాపులో లాగా. నేను ఒక్కదాన్ని సున్నం తప్ప ఏమీ వేయించలేదు. దానికి నాకు వచ్చిన పేరు, పిల్లికి బిచ్చం పెట్టనిది అని. వరస కట్టి నూరేళ్ళు దాటిన సందర్భంగా సంఘం ఒక పుస్తకం అచ్చు వేసి, అట్ట మీద 'మన పూర్వికుల రాతి ఇళ్ళు' అని రాసి, నాలుగో ఇంటి ఫోటో వేసింది. టైల్స్ ఇల్లు. రాయి కనిపించే ఇల్లు నాది పక్కనే ఉంది, దాన్ని ఫోటోలో సగానికి కోసేశారు. నా ఇంటి తలుపు ఒక రెక్క మాత్రం పడింది.

నాలుగో ఇంటతనికి మార్కాపురంలో టైల్స్ దుకాణం. మంచివాడని అందరూ అంటారు. నవ్వుతూ మాట్లాడతాడు, పండగకు అందరికీ కేకు పంపిస్తాడు. నన్ను అత్తా అని పిలుస్తాడు. వాళ్ళమ్మ నా ఈడుదే, నాకు వదిన వరస. ఆమెతో నేను మాట్లాడటం మానేసి అప్పటికే మూడేళ్ళు. మా అమ్మను సమాధి చేసిన రోజు, భోజనాల దగ్గర, పప్పులో ఉప్పు తక్కువైందని నలుగురు వినేట్టు అన్న మనిషి ఆమె. అమ్మను మట్టిలో పెట్టి వచ్చి గంట కాలేదు. ఉప్పు తక్కువైతే చెయ్యి చాపి వేసుకోవచ్చు.

ఒక ఎండాకాలం నేను కురిచేడులో చెల్లెలి ఇంటికి పోయి వారం ఉన్నాను. తిరిగి వచ్చి తలుపు తీస్తే మంచం మీద, గిన్నెల మీద, అంతటా ఎర్ర దుమ్ము. రాతి కొస మీద ఉన్న మందుల పెట్టె కింద పడి పగిలి ఉంది. గోడకు అవతలి వైపు మిషను మోత. వెళ్ళి చూస్తే వాళ్ళ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోడను లోపలికి తొలిచేసి ఉన్నారు. అందులో కబ్బోర్డు పెట్టబోతున్నారు. ఏడు పొడుగు రాళ్ళూ గోడ మధ్యకు తెగిపోయి, తెల్లటి కోత మొహాలతో నా వైపు చూస్తున్నాయి.

వాడి భార్య నాకు టీ ఇచ్చింది. ఇంట్లోవాళ్ళు స్టీలు గ్లాసుల్లో తాగుతున్నారు, నాకు కాగితం కప్పులో. అది కూడా గుర్తుంది.

“ఏంది నాయనా ఇది?” అన్నాను.

“కబ్బోర్డు అత్తా. మొత్తం గోడలోకే పోతాది. రూములో జానెడు జాగా కూడా తినదు.”

“గోడను తినింది గదా.”

“రెండడుగుల గోడ. అడుగు నాది, అడుగు నీది. నా అడుగులో నేను పెట్టుకున్నా. నీ అడుగు ముట్టుకోలా. కావాలంటే చూడు, టేపు పెట్టి కొలిచి మరీ కోయించినా.”

లోపలికి పోయి దస్తావేజు కూడా తెచ్చి చూపించాడు. ఉమ్మడి గోడ, చెరి సగం అని నిజంగానే ఉంది. రాసినవాళ్ళు గోడ హక్కు గురించి రాశారు. వీడు దాన్ని మందం అనుకుని మిషను పెట్టాడు. పైగా ఒక్క అంగుళం కూడా నా వాటాలోకి రాలేదని గర్వం. ఆరో తరగతిలో వీడికి భిన్నాలు చెప్పినదాన్ని నేనే. అందుకే ఆ రోజు నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

వాడికి ఒక మాట చెప్పాను. నిచ్చెనను ఇద్దరు పంచుకోవాలని నిలువునా రెండుగా కోస్తే, చెరొక కర్ర దక్కుతుంది, మెట్లు ఎవరికీ దక్కవు. ఆ ఏడు రాళ్ళూ మెట్లు. వాడు విని నవ్వి, అత్తకు ఇంకా క్లాసు చెప్పే అలవాటు పోలేదని భార్యతో అన్నాడు. మర్నాటికి కబ్బోర్డు బిగించేశారు. రెండు తలుపులకూ చెరొక నెమలి బొమ్మ.

మొదటి వానలకు ఏమీ తెలియలేదు. రెండో ఏడు వానలు పడ్డాక, నా వైపు గోడ నడుమ దగ్గర కొంచెం ముందుకు వచ్చినట్టు అనిపించింది. అనిపించటంతో ఆగే మనిషిని కాదు నేను. దూలానికి మేకు కొట్టి, దారం కట్టి, దారానికి పాత తూకపురాయి వేలాడదీశాను. మామూలుగా అయితే దారానికీ గోడకూ మధ్య సందు పైనుంచి కింద దాకా ఒకేలా ఉండాలి. నడుమ దగ్గర బొటనవేలు పట్టే సందు కూడా లేదు. ప్రతి ఆదివారం గుడి నుంచి రాగానే కొలిచి కాగితం మీద రాసిపెట్టాను. క్రిస్మస్ నాటికి దారం గోడకు తగిలింది. మేకును ఇవతలికి జరిపి కట్టాను. మళ్ళీ ఎండాకాలానికి తగిలింది.

పంచాయతీ నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. ముందు నాలుగో ఇంట్లోకి పోయి బిస్కెట్లు తిని, తర్వాత నా ఇంట్లోకి వచ్చి, గోడ మీద పెన్నుతో రెండు సార్లు కొట్టి, పాత గోడకు వయసైందని చెప్పి పోయాడు. వయసు తొమ్మిది ఇళ్ళకూ ఒకటే కదా, ఒక్క గోడకే ఎందుకు వచ్చిందని అడుగుతుంటే బండి స్టార్టు చేశాడు. చర్చి అయ్యగారి దగ్గరికి పోతే ఇరుగుపొరుగు సర్దుకుపోవాలని ప్రార్థన చేశారు. నా గోడ పేరు ఎత్తలేదు, నా కోపం తగ్గాలని ప్రార్థించారు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు, టీచరమ్మ గోడకు ఎన్నో నెల అని అడగటం మొదలుపెట్టారు. ఎవరెవరు నవ్వారో చెప్పగలను. రెండో ఇంటి కోడలు మాత్రం నవ్వలేదు.

ఆఖరికి గిద్దలూరు వైపు నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించుకున్నాను. రాతి పని తెలిసినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆయన బస్సు దిగి వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా గోడ ముందు నిలబడ్డాడు. అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి మెల్లగా తడిమాడు, ఆవు పొట్ట తడిమినట్టు. పెన్ను తీయలేదు.

“ఇది ఒక గోడ కాదమ్మా ఇప్పుడు,” అన్నాడు. “రెండు పల్చటి గోడలు. వాళ్ళది సగం లేనే లేదు. మీది ఎటు పండుకోవాల్నో చూసుకుంటాంది.”

“ఏం చేయాలి?”

“పొడుగు రాళ్ళు మళ్ళీ దూర్చాల. ఆ పక్క నుంచే దూర్చాల. ఆ కబ్బోర్డు పీకాల. ఇంకో పెద్దవాన ముందే చేస్తే మంచిది. పడితే మీ మిద్దె ఒక్కటే పడదు.”

అదే మాట నాలుగో ఇంటతనికి చెప్పాను. వాడు ఎప్పటిలాగే మర్యాదగా విన్నాడు. కబ్బోర్డు తీయటం కుదరదు, కావాలంటే నీ గదిలో నా ఖర్చుతోనే రెండు సిమెంటు పిల్లర్లు లేపిస్తాను, దూలానికి ఆసరా ఉంటుంది అన్నాడు. ఈ మాట విని వరసంతా వాడిని మెచ్చుకుంది. నేను వద్దన్నాను. పిల్లరు దూలాన్ని మోస్తుంది, కానీ గోడను పట్టుకోదు. గోడ రాళ్ళు ఒక రోజు నా మంచం మీదికి రాక తప్పదు. వాడి భార్య చీరలు పెట్టుకోవటానికి నా గదిలో మూడడుగులు నేను వదులుకోవాలి. ఇవి కారణాలు. ఇంకో కారణం కూడా ఉంది, దాచను. పిల్లర్లు ఒప్పుకుంటే, తప్పు చేసినవాడు దాత అవుతాడు. గోడ కూలినా సరే గానీ అది మాత్రం నేను చూడలేను అనుకున్నాను.

అట్లా ఇంకో వానాకాలం వచ్చింది. తుఫాను ముసురు పట్టి మూడు రోజులుగా విడవటం లేదు. దోర్నాల వైపు రోడ్డు తెగిందని బస్సులు ఆపేశారు. మూడో రోజు పొద్దున నా వైపు గోడ నుంచి గుప్పెడు మట్టి రాలింది. నేను మంచాన్ని ఎదురు మూలకు లాక్కుంటుంటే తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. నాలుగో ఇంటి వదిన. నెత్తి మీద గోనెసంచి కప్పుకుని ఉంది. ఆరేళ్ళ తర్వాత నా గడప ఎక్కింది.

“వదినా, ఒకసారి వచ్చి చూడు,” అంది. “మా వాడు లేడు. టైల్స్ కొనను గుజరాత్ పోయినాడు.”

పప్పు సంగతి నోటి దాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేసి వెంట నడిచాను.

వాళ్ళ గదిలో కబ్బోర్డు తలుపుల్ని చున్నీతో కట్టి ఉంచారు. ఇరవై రోజులుగా అవి మూతపడటం లేదట. ముడి విప్పితే నెమళ్ళు రెండూ వాటంతట అవే తెరుచుకున్నాయి. వెనక చెక్క ఉబ్బి, నిలువునా చీలి, చీలికలోంచి మట్టీ రాతి ముక్కలూ చీరల మీద కుప్పపడి ఉన్నాయి. మంచి చీరలు కొన్ని తీసి వదిన తన మంచం మీద పేర్చుకుంది. ఆ మంచం కబ్బోర్డు పక్కనే. రోజూ అక్కడే పడుకుంటోంది.

“నీ కొడుకుకు తెలుసా?”

“తెలుసు. ఇప్పుడు పీకితే అత్త గెలిచినట్టు అయితాదంట.” ఒక చీర మీది మట్టి దులిపింది. “నీ మేస్త్రిని పిలిపించు.”

“నీ కొడుకు ఒప్పుకోవాలి కదా.”

“వాడెవుడు ఒప్పుకోను? ఇల్లు నా పేరున ఉంది.”

ఈ మాటకు నేను ఆమె మంచం అంచు మీద కూర్చుండిపోయాను. మూడేళ్ళు. ఎన్ని అర్జీలు, ఎన్ని రశీదులు. నా కాగితాల్లో ప్రతి చోటా ఆ టైల్స్ దుకాణం పెద్దమనిషినే ఇంటి యజమాని అని రాశాను. ఆ రోజు వాడు చూపించిన దస్తావేజులో గోడ గురించి ఉన్న వాక్యం చదివాను గానీ పైన ఉన్న పేరు చదవలేదు. దొరలు రాసి ఇచ్చింది వదిన అత్తగారికి, ఆమె నుంచి వదినకు. పిల్లల పరీక్ష పేపర్లలో ఇట్లాంటి తప్పుకు సున్నా వేసేదాన్ని. అందరికీ రాశాను. గోడ అవతల పడుకునే మనిషిని ఒక్క మాట అడగలేదు, ఉప్పు గురించి ఏదో అన్నదని.

“నన్నెప్పుడన్నా అడిగినావా?” అని ఆమే అంది. నేను మేస్త్రికి ఫోను చేయటానికి లేచాను. ఆమె నొక్కి అడగలేదు, అంతవరకు మేలు.

బస్సులు తిరగటం మొదలైన రోజే మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చాడు. రెండు వైపులా దూలాల కింద జామాయిల్ కర్రలు ఆనించారు. కబ్బోర్డును పీకి వసారాలో పెట్టారు. అది వాన జల్లుకు తడుస్తుంటే నాకు బాధ కలగలేదు. గోడను ఒకేసారి విప్పలేదు. చేటంత జాగా విప్పటం, పొడుగు రాయి దూర్చటం, చుట్టూ బిగించటం, పక్కకు జరగటం. రాళ్ళను ట్రాక్టరులో గుట్ట నుంచి తెప్పించాడు. ఒక్కోదాన్ని ఇద్దరు మోసుకొచ్చి ఆ వైపు నుంచి నెడుతుంటే, దాని కొస నా గదిలోకి మెల్లగా వచ్చేది. ఎక్కడ ఆపాలో నేను ఈ వైపు నుంచి చెప్పాలి. ఆపమంటే ఆపేవాళ్ళు. ఈ ఊళ్ళో నా మాట విన్నది ఆ నాలుగు రోజులే.

ఆరు రాళ్ళు దూరాయి. ఏడోది మిగిలి ఉండగా వాడు గుజరాత్ నుంచి దిగాడు. వసారాలో కబ్బోర్డు చూశాడు, లోపలికి వచ్చి గోడ చూశాడు.

“ఏందమ్మా ఇది? నన్ను అడక్కుండా?”

“ఎవుర్ని అడగాల్రా నేను?” అంది వదిన. తల ఎత్తలేదు. మేస్త్రికి మజ్జిగ పోస్తోంది, స్టీలు గ్లాసులో.

వాడు నా వైపు తిరిగాడు. “నెగ్గినావులే అత్తా.”

“కబ్బోర్డు బాగుంది నాయనా,” అన్నాను. “వెనక గోడకు పెట్టుకో. అక్కడ ఎవరూ సగం అడగరు.”

ఏడో రాయి దూరాక మేస్త్రి మళ్ళీ అరచెయ్యి ఆనించి తడిమాడు. పనిముట్లు కడుక్కుని, గిద్దలూరు బస్సుకు టైమెంత అని అడిగాడు. నేను అప్పటికప్పుడు కొత్త దారం కట్టాను. నెల తర్వాత కూడా సందు ఇసుమంత మారలేదు.

ఇక్కడితో అయిపోతే నేను కూడా మర్చిపోయేదాన్నేమో. కానీ ఆ నెల ఆఖరి ఆదివారం, గుళ్ళో కృతజ్ఞత కానుకలు చదివే సమయం వచ్చింది. పిల్లవాడు పరీక్ష పాసైతే, ఆపరేషను బాగా జరిగితే, దేవుడికి కానుక ఇచ్చి ఎందుకు ఇచ్చారో కాగితం మీద రాస్తారు. అయ్యగారు అది అందరికీ చదివి వినిపిస్తారు. ఆ రోజు ఒక కాగితం తీసి చదివారు. నాలుగో ఇంటి కుటుంబంవారు, తుఫానులో పడిపోవలసిన తమ గోడను దేవుడు నిలబెట్టినందుకు, పక్కింటి ఒంటరి సహోదరి ఇంటిని కూడా కాపాడే భాగ్యం తమకు ఇచ్చినందుకు, కృతజ్ఞతతో సమర్పిస్తున్నారు అని. మగవాళ్ళ వైపు వాడు తల వంచుకుని కూర్చున్నాడు, చాలా భక్తిగా. నా చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి, ఎంత మంచి పొరుగు అన్నట్టు తలలాడించారు.

నేను లేచి నిలబడ్డాను. కానుకలు చదివేటప్పుడు ఎవరూ లేవరు. అయ్యగారు తర్వాతి కాగితం తీయబోయి ఆగారు.

“అయ్యగారూ, ఆ కాగితంలో కొంచెం తప్పుంది,” అన్నాను. “గోడను కోసింది వాళ్ళు. నిలబెట్టింది గిద్దలూరు మేస్త్రి, ఆయన మన గుడికి రాడు. పిలిపించమన్నది వదిన. దేవుడు తర్వాత వచ్చినాడు.”

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది, నిజమే. కానీ మిగతా మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. పక్కన కూర్చున్న వదిన నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని కిందికి లాగింది. “కూర్చో వదినా, విన్నారులే,” అంది. ఆమె గొంతులో కోపం ఉందా అని వెతికాను, కనిపించలేదు. నవ్వు ఆపుకుంటోందేమో, అదీ తెలియలేదు.

కూర్చున్నాను. అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, “ఆమేన్,” అన్నారు. గుడంతా ఆమేన్ అంది. నేను చెప్పినదానికి అన్నారో, కూర్చున్నందుకు అన్నారో నాకు తెలియదు. ఆ సాయంత్రమే అయ్యగారికి ఉత్తరం రాసి అడిగాను. ఇంతవరకు జవాబు లేదు.